చిరునామా లేని కబురు

పుంటా అరేనస్‌లో గాలి రోజున
వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వెళ్ళాను మొదటిరోజు శిక్షణకి.
మూతబడ్డ ఉన్ని గోదాము. పదకొండుమందిమి.
అందరం దక్షిణాన మంచు మీద గుడారాలేసుకుని వచ్చినవాళ్ళమే,
అందరి సంచుల్లోనూ పటాలు, కిందికి దిగే గీతలు.

నేర్పడానికి వచ్చినావిడ యెర్కా.
ప్రొఫెసరు కాదు.
ముప్ఫయ్యొక్కేళ్ళు రేడియోలో కబుర్లు చదివింది,
ఫోను చేరని దీవులకి, గొర్రెల కాపరుల గుడిసెలకి.
"ఎగువ మకాంలో ఉన్న ఒనోఫ్రేకి:
అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసింది.
గురువారం వంతెన దగ్గరికి రెండు గుర్రాలు పట్టుకురా."
అంతే. మూడో వాక్యం లేదు.
మాటకింత అని డబ్బు కట్టేవారట.

"మీ మూడేళ్ళ పనిని ఇలా రాయండి" అంది.

రొయ్యపిల్లల్ని లెక్కపెట్టే నెమెసియో
ఒక మంచుగడ్డ ఎన్ని ఫుట్‌బాల్ మైదానాలంతో రాశాడు.
"మైదానాలు వద్దు. ఎన్ని గొర్రెలు మేస్తాయో చెప్పు."
మంచు మీద గొర్రెలేం మేస్తాయండీ?
"ఆఁ, అదే మొదటి వాక్యం చెయ్యి."

నా కాగితం మీద రాడార్ ఉంది,
ద్రవ్యరాశి ఉంది, దాని సమతుల్యత ఉంది.
కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చి వెతికింది.
"ఎవరికి?"
ప్రజలకి, అన్నాను.
"ఆయన ఏ గుడిసెలో ఉంటాడు?"
గోదామంతా నవ్వింది. నేనూ నవ్వాను,
చెవులు కాలుతుంటే.

రెండోసారి తెలివిగా రాశాను.
అంకెల పక్కన ప్లస్సులు మైనస్సులు కొట్టేశాను.
'బహుశా'లన్నీ ఏరి పారేశాను, బియ్యంలో రాళ్ళలా.
మెచ్చుకుంటుందనుకున్నాను.
చదివి చాలాసేపు మాట్లాడలేదు.
పైన రేకుల మీద గాలి దేన్నో ఈడుస్తోంది.

"ఒక జూలై. నడిచలి" అంది.
"చీటీలో 'గాలి ఒప్పుకుంటే శనివారం పడవ వస్తుంది' అని ఉంది.
నాకు జలుబు, గొంతు పట్టేసింది.
మొదటి రెండు మాటలూ మింగేశాను.
అక్కడెవరో కూతుర్ని భుజానేసుకుని రేవుకి దిగాడు.
మంగళవారం దాకా నిలబడ్డాడు.
పిల్ల బతికింది. కాలివేళ్ళు మూడు బతకలేదు.
ఇప్పుడు పెద్ద బజారులో బిల్లులు కొడుతుంది.
నేను ఆ వరసలో నిలబడను."

కాగితం నా వైపు తోసింది.
"బహుశా అనేది నీ లోపం కాదమ్మాయ్,
అది వినేవాడి సొత్తు.
దాన్ని చూసుకునే వాడు దుప్పటి తెచ్చుకుంటాడు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పట్టనందుకు ఒక ముఖం గుర్తొచ్చింది,
అద్దంలోంచి నన్ను చూసి ఏదో అడిగిన ముఖం.

తెల్లారి మూడోసారి చదివాను:

"కొండవీధి షేర్ టాక్సీ నడిపే బెలార్మినోకి:
మార్చిలో అడిగారు, అన్నాళ్ళు అక్కడ ఏంచేస్తారని.
పరిశోధన అని చెప్పి కిటికీలోంచి చూశాను. క్షమించండి.
ఒక మంచుపలక మందం కొలుస్తున్నాం.
కిందనుంచి వెచ్చటి నీళ్ళు దాన్ని తింటున్నాయి.
మూడేళ్ళలో ముగ్గురు మనుషుల ఎత్తు తగ్గింది,
ఒక మనిషి అటూ ఇటూగా.
ఎప్పుడు విరుగుతుందో మాకు తెలీదు.
గాలి ఒప్పుకుంటే జనవరిలో మళ్ళీ వెళ్ళి చూస్తాం."

యెర్కా పెన్సిలు మొనతో
ఒక్కో మాటా తట్టుకుంటూ లెక్కపెట్టింది.
"ఒకటి ఎక్కువైంది" అంది. ఏదో చెప్పలేదు.
"డబ్బు కడతావా?"

కడతాను, అన్నాను.